తలారి కర్ర, ఎస్సై పెన్ను



పోయిన భాగంలో వెట్టి గురించి రాసినప్పుడు, ఎస్సై పరీక్షకు చదువుతున్న ఒక చెల్లెలు నాకు మెసేజ్ పెట్టింది. "అన్నా, మనోళ్ళు ఎస్సైలయితే స్టేషన్ మారుద్దా, లేకపోతే స్టేషనే మనోళ్ళని మార్చేస్తదా?" అని. తను చదువుకునే బల్ల ముందు గోడకి అంజలి భాటీ ఫోటో అంటించుకుందంట. నేను నవ్వలేదు. నేను చదువుకునే రోజుల్లో అలా అంటించుకోడానికి మన వాడ ఆడపిల్లలాంటి పోలీసు బొమ్మ ఒక్కటీ లేదు. సినిమాల్లో ఖాకీ చొక్కా వేసుకున్న హీరోకి కులం ఉన్నట్టు ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. చెప్పకపోయినా ఏ కులమో అందరికీ తెలిసేది.

అంజలి భాటీ నిజం మనిషి కాదు. 2023 మే 12న అమెజాన్ ప్రైమ్‌లో వచ్చిన 'దహాడ్' అనే ఎనిమిది భాగాల హిందీ క్రైమ్ సిరీస్‌లో సబ్ ఇన్‌స్పెక్టర్. జోయా అఖ్తర్, రీమా కాగ్తీ తయారుచేసిన కథ. రాజస్థాన్‌లోని మండావా ఊరి స్టేషన్‌లో ఆమె ఉద్యోగం. బొమ్మలు గీసిన పాత హవేలీలు చూడ్డానికి టూరిస్టులు వస్తారే, ఆ షెఖావటీ ఊరు. అంజలి బుల్లెట్ బండి మీద తిరుగుతుంది. ఇంటికెళ్తే తల్లి పెళ్ళి సంబంధాల ఫోటోలు ముందు పెడుతుంది. స్టేషన్‌లో ఆమె పక్క నుంచి నడిచి వెళ్తే చాలు, ఒక కానిస్టేబుల్ అగరొత్తి వెలిగిస్తాడు. అసలు ఇంటిపేరు మేఘ్వాల్. కూతురు బతకాలని తండ్రి దాన్ని భాటీగా మార్పించాడు. మేఘ్వాళ్ళు రాజస్థాన్‌లో షెడ్యూల్డ్ కులం, నేత నేసినవాళ్ళు, తోలు పని చేసినవాళ్ళు. భాటీలంటే జైసల్మేర్ ఏలిన రాజపుత్రులు. ఆ తండ్రి చేసిన పని తప్పని నేననను. హైదరాబాద్ హాస్టళ్ళలో మొదటి రోజే రూమ్మేట్ "మీ ఇంటిపేరేంటి బ్రో" అని ఎందుకు అడుగుతాడో మీకు తెలుసు. అడిగినప్పుడు మీలో ఎంతమంది ఒక్క క్షణం ఆగి జవాబు చెప్పారో కూడా నాకు తెలుసు. నేనూ ఆగాను.

ఆ పాత్ర వేసింది సోనాక్షి సిన్హా. దళిత డిటెక్టివ్ పాత్రకి దళిత నటి దొరకలేదా అని అడిగినవాళ్ళున్నారు. అడగాల్సిందే. అయితే ఇవాళ నేను రాయదలుచుకున్నది వేరే సంగతి.

సిరీస్ మొదట్లో ఒక చిన్న సంగతి జరుగుతుంది, చాలామంది దాన్ని దాటేసి హంతకుడి వెంట పడిపోతారు. ఒక పేద దళిత కుర్రాడు తన చెల్లెలు కనపడటం లేదని స్టేషన్‌కి వస్తాడు. ఎవరూ పట్టించుకోరు. సరిగ్గా అప్పుడే ఠాకూర్ల అమ్మాయి ఒక ముస్లిం కుర్రాడితో వెళ్ళిపోయిందని ఊళ్ళో గోల, జెండాలు పట్టుకున్న గుంపులు. ఆ అన్నకి ఒక లెక్క అర్థమవుతుంది. తన చెల్లెలు కూడా ముస్లింతోనే పోయిందని అబద్ధం చెప్తాడు. అంతే, కేసు కదులుతుంది. దళిత పిల్ల తప్పిపోవడం వార్త కాదు. ఆ తప్పిపోవడంలో ఇంకొకరికి పనికొచ్చే శత్రువు దొరికితే వార్త.

ఇది రచయితల ఊహ మాత్రమే కాదు. ఈ కథకి వెనక కర్ణాటకలో జరిగిన అసలు కేసు ఉంది. పత్రికలు 'సయనైడ్ మోహన్' అని పేరుపెట్టిన బడి టీచరు పెళ్ళి చేసుకుంటానని నమ్మించి, బస్టాండ్ మరుగుదొడ్లలో గర్భం రాకుండా మాత్ర అని చెప్పి సయనైడ్ మింగించి, 20 మంది ఆడవాళ్ళని చంపాడు. కట్నం ఇవ్వలేని ఇళ్ళ ఆడపిల్లలు. ఎక్కడి శవం అక్కడే అసహజ మరణం కింద రాసేశారు. ఒక ఊరి బస్టాండ్‌లో దొరికిన శవాన్ని ఇంకో ఊరి స్టేషన్‌లోని మిస్సింగ్ ఫిర్యాదుతో కలిపి చూసినవాళ్ళు లేరు. 2009లో తీరప్రాంతంలో ఒక అమ్మాయి తప్పిపోతే, ముస్లిం కుర్రాడు తీసుకుపోయాడని జనం స్టేషన్ మీదికి వచ్చాకే దర్యాప్తు ఊపందుకుంది. ఫోన్ నంబర్ల కూపీ లాగితే ముస్లిం కుర్రాడెవరూ లేడు, టీచరు దొరికాడు. అప్పటికి ఎన్నేళ్ళు, ఎన్ని శవాలు!

కాబట్టి దహాడ్‌లో అసలు నేరస్థలం మరుగుదొడ్డి కాదు, స్టేషన్‌లో ఫిర్యాదు రాసే బల్ల. నాకు అలాగే అనిపించింది. ఆ బల్ల చరిత్ర కొంచెం చెప్పుకుందాం.

మనవాళ్ళకి నేరపరిశోధన కొత్త కాదు. చాలా పాత పని. మహారాష్ట్రలో మహార్లు వతన్ కింద చేసిన చాకిరీలో ఊరి కాపలా, దొంగల అడుగుజాడ తీయడం, పొలిమేర తగాదాల్లో హద్దు చూపించడం అన్నీ ఉన్నాయి. ఆ వతన్ బానిసత్వాన్ని తెంచాలని అంబేద్కర్ 1928లో బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టాడు. మన వైపు తలారి ఉండేవాడు, వెట్టివాడు ఉండేవాడు. తలారితనం కొన్ని ఊళ్ళలో వేరే కులాలది, చాలా ఊళ్ళలో మాల మాదిగలది. మా ముత్తాత తలారి. బురదలో అడుగు చూసి మనిషి కుంటివాడో బరువు మోస్తున్నాడో చెప్పేవాడని మా నాయనమ్మ చెప్పేది. కొంచెం పెంచి చెప్పిందేమో, నాయనమ్మలు చెప్తారు. కర్ర మాత్రం నేను చూశాను, ఇంటి చూరులో ఉండేది.

మరి రాసేదెవరు? మద్రాసు ప్రెసిడెన్సీలో 1816 రెగ్యులేషన్ల నుంచీ ఊరి మునసబుకి పోలీసు బాధ్యత ఉంది. ఊళ్ళో చావు జరిగినా దొంగతనం జరిగినా మునసబు రిపోర్టు రాసి స్టేషన్‌కి పంపాలి. ఆ కాగితాన్ని నడుముకి కట్టుకుని మైళ్ళు నడిచేది తలారి. శవం దగ్గర రాత్రంతా కూర్చునేది మనవాడు, కోతకి మోసుకెళ్ళేది మనవాడు. తను మోస్తున్న కాగితంలో ఏముందో అతనికి తెలియదు. ఒక్కోసారి తన అన్న మీదో తమ్ముడి మీదో రాసిన కాగితమే తను మోశాడు. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం మునసబు, కరణాల పదవులు రద్దు చేసేదాకా ఊళ్ళో పెన్ను ఎవరి చేతిలో ఉందో మీ ఇళ్ళలో పెద్దవాళ్ళని అడగండి.

సరే, ఊరి సంగతి వదిలేద్దాం, సర్కారు పోలీసు సంగతేమిటి? 1930 నవంబర్‌లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో అంబేద్కర్ బ్రిటిష్ వాళ్ళ ముఖం మీదే అడిగాడు. మీరు రాకముందు మమ్మల్ని ఊరి బావి దగ్గరికి రానివ్వలేదు, గుడిలోకి రానివ్వలేదు, పోలీసులోకి రానివ్వలేదు, మీరొచ్చాక రానిస్తున్నారా అని. ఆయన అడిగిన వరస చూడండి. నీళ్ళు, గుడి, వెంటనే పోలీసు. ఆయన తండ్రి సైన్యంలో సుబేదారు. తర్వాత అదే సైన్యం మహార్లని చేర్చుకోవడం మానేసింది. యూనిఫారం అంటే జీతం ఒక్కటే కాదని ఆ ఇంట్లో పుట్టినవాడికి తెలుసు. దొంగని పట్టడానికి పనికొచ్చినవాడు, దొంగ ఎవరో రాసే ఉద్యోగానికి అంటరానివాడయ్యాడు. అంజలి భాటీ ఆ బల్ల వెనక కూర్చోవడం వెనక ఈ నూరేళ్ళ తగువుంది. సిరీస్ తీసినవాళ్ళకి ఇది తెలుసో లేదో నాకనవసరం.

ఇప్పుడు మా చిన్నాన్న సంగతి చెప్పాలి.

1997. నేను ఇంటర్ రెండో సంవత్సరం. మా చిన్నాన్న మూడు వారాల కూలి అడిగితే ఆసామి చెరువుకట్ట మీద నలుగురూ చూస్తుండగా కులం పేరు పెట్టి తిట్టి, చెర్నాకోలతో కొట్టాడు. చిన్నాన్న, ఇద్దరు సాక్షులు స్టేషన్‌కి పోయారు. ఏ స్టేషనో రాయను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెట్టు కింద కూర్చోబెట్టారు. చివరికి రైటర్ పిలిచి, చెప్పమన్నాడు. చిన్నాన్న చెప్పాడు, అతను రాశాడు, ఈయన వేలిముద్ర వేశాడు. నాలుగు నెలల తర్వాత వకీలు గుమాస్తా దగ్గర ఆ కాగితం నకలు నా చేతికొచ్చింది. "కూలి డబ్బుల విషయమై ఇరువురి మధ్య మాటా మాటా పెరిగి" అని ఉంది. కులం లేదు. చెర్నాకోల లేదు, "చేతులతో నెట్టుకొనగా" అని ఉంది. చెరువుకట్ట కూడా లేదు. తిట్టింది నలుగురి ఎదుట అని లేకపోతే ఆ సెక్షన్ నిలవదని నాకు చాలా తర్వాత తెలిసింది. ఆ రైటర్‌కి ఆ రోజే తెలుసు. నేను కాగితం చదివి వినిపిస్తే చిన్నాన్న చాలాసేపు మాట్లాడలేదు. "నేను చెప్పింది ఇది కాదుగదరా అబ్బాయ్" అన్నాడు, నేనేదో తప్పు చదివినట్టు.

కేసు రాజీ అయిపోయింది. కూలి డబ్బుల్లో సగం వచ్చాయి.

అగరొత్తి వెలిగించే కానిస్టేబుల్‌ని చూసి మనకి ఒళ్ళు మండుతుంది. మండాలి కూడా. కానీ నాకు ఆ కానిస్టేబుల్ కంటే మర్యాదగా మాట్లాడి, కుర్చీ కూడా వేసి, రెండు మాటలు మార్చి రాసే రైటర్ అంటేనే భయం. సిరీస్ ఇక్కడ తేలిపోయిందని నా అభిప్రాయం. కులాన్ని ఎక్కువగా మనుషుల చెడ్డ మర్యాదలుగా చూపించింది. హవేలీ గుమ్మం దగ్గర హంతకుడి తండ్రి ఆమెని లోపలికి రావద్దంటాడు. అంజలి రాజ్యాంగం గుర్తుచేసి లోపలికి నడుస్తుంది. చప్పట్లు కొట్టాను, అబద్ధమెందుకు. కానీ గుమ్మం దాటడం కష్టమైన పనుల్లో తేలికైనది. అదే రాజస్థాన్‌లో 1992 సెప్టెంబర్‌లో భన్వరీ దేవి స్టేషన్ గుమ్మం దాటింది. కుమ్మరి కులం, ప్రభుత్వ పథకంలో సాథిన్‌గా పనిచేసే మనిషి. గుజ్జర్ల ఇంట్లో బాల్యవివాహం ఆపబోయినందుకు భటేరీ గ్రామంలో ఆమె మీద సామూహిక అత్యాచారం జరిగింది. వైద్య పరీక్ష రెండు రోజులు దాటాక గానీ జరగలేదు. సాక్ష్యం కింద లంగా విప్పి ఇచ్చిపొమ్మన్నారు పోలీసులు, భర్త తలపాగా గుడ్డ చుట్టుకుని ఆమె ఇంటికెళ్ళింది. 1995లో కింది కోర్టు అత్యాచారం ఆరోపణ కొట్టేసింది. పై కులపు మగాళ్ళు కింది కులపు ఆడదాన్ని ముట్టుకోరన్న తరహా తర్కం ఆ తీర్పులో చోటుచేసుకుంది. మన విశాఖ తీర్పు, ఆఫీసుల్లో ఆడవాళ్ళ రక్షణ నియమాలు, అన్నీ ఆ తర్వాత 1997లో ఆమె పోరాటం నుంచి పుట్టినవే. ఆమెకి మాత్రం న్యాయం బాకీ.

మన చుండూరుకే రండి. 1991 ఆగస్టు 6. పోలీసులు ఊళ్ళో ఉండగానే జరిగింది. వాళ్ళే పారిపొమ్మన్నారని, పారిపోతే పొలాల్లో కాపుకాసి నరికారని బాధితులు చెప్పారు. శవాలు గోతాల్లో కాలవల్లో దొరికాయి. కారంచేడు 1985లో, చుండూరు 1991లో. ఈ రెండిటి మధ్య 1989లో అట్రాసిటీ చట్టం వచ్చింది, 1990 జనవరి 30 నుంచి అమలు. ఆ చట్టం రాసినవాళ్ళకి స్టేషన్ సంగతి బాగా తెలుసు. అందుకే నాలుగో సెక్షన్ పెట్టారు, ఎస్సీ ఎస్టీ కాని ప్రభుత్వోద్యోగి కావాలని విధులు నిర్లక్ష్యం చేస్తే ఆర్నెల్ల నుంచి ఏడాది జైలు. 2015 సవరణలో ఆ విధులేంటో విడమర్చి రాశారు. వాటిలో మొదటిది చదివినప్పుడు నాకు మా చిన్నాన్న గుర్తొచ్చాడు: నోటితో చెప్పిన ఫిర్యాదుని రాసుకున్నాక, సంతకం తీసుకునే ముందు, ఫిర్యాదుదారుకి చదివి వినిపించాలి. ఎన్ని ఊళ్ళలో ఎన్ని చిన్నాన్నల కాగితాలు పోగైతే పార్లమెంటు ఆ ఒక్క వాక్యం రాసి ఉంటుంది!

ఇప్పుడు అంజలిని ఆ చట్టం పక్కన నిలబెట్టి చూడండి. చట్టం కింద 1995లో చేసిన ఏడో రూలు ప్రకారం అట్రాసిటీ కేసు దర్యాప్తు చేసే అధికారి డీఎస్పీకి తగ్గకూడదు. ఊరి ఎస్సై ఊరి పెద్దల మాట వింటాడని, పై అధికారికి అప్పగిస్తే కొంత నిలబడతాడని ఆ ఆలోచన. మంచిదే. 2009లో చున్నీలాల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: డీఎస్పీ కంటే తక్కువ అధికారి దర్యాప్తు చేస్తే అట్రాసిటీ సెక్షన్లు చెల్లవు, మామూలు శిక్షాస్మృతి కేసు మాత్రం నడుస్తుంది. అంటే మండావా స్టేషన్‌లో అంజలి హత్య కేసు ఎంత గొప్పగా ఛేదించినా, రాష్ట్రం ప్రత్యేకంగా అధికారం ఇస్తే తప్ప, తన కులం వాళ్ళ మీద జరిగిన కులనేరాన్ని కులనేరంగా దర్యాప్తు చేయలేదు. చేస్తే ముద్దాయి వకీలుకి పండగ. ఎస్సై కావాలనుకుంటున్న చెల్లెలా, ఇది నీకోసమే రాస్తున్నా. నీ మీద గౌరవం తగ్గించడానికి కాదు. ఎస్సైగా నువ్వు చేయగలిగింది, ఎవరూ ఆపలేనిది, ఆ మొదటి కాగితం ఉన్నదున్నట్టు రాయడం. కులం పేరు ఏ మాటతో తిట్టారో అదే మాట, ఎక్కడ, ఎవరు చూశారో అంతా. ఆ తర్వాత డీఎస్పీ వచ్చి ఏం చేసినా ఆ కాగితాన్ని చెరపలేడు. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు అట్రాసిటీ కేసుకి ముందు ప్రాథమిక విచారణ చేయొచ్చు, అరెస్టుకి పైవాళ్ళ అనుమతి కావాలి అన్నప్పుడు దేశమంతా మనవాళ్ళు ఏప్రిల్ 2న రోడ్డెక్కింది ఆ కాగితం కోసమే. ఆ ఏడాదే పార్లమెంటు 18ఏ సెక్షన్‌తో దాన్ని సరిచేసింది. ఆ బంద్‌లో చనిపోయినవాళ్ళున్నారు, రాజస్థాన్‌లో కూడా.

చుండూరు ముగింపు కూడా చెప్పి ముందుకెళ్తాను. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టి 2007లో 21 మందికి యావజ్జీవం వేశారు. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

దహాడ్ ఆఖరి భాగంలో అంజలి ఒక ఆఫీసుకెళ్ళి ఫారం నింపుతుంది. భాటీ తీసేసి మేఘ్వాల్ అని రాస్తుంది. తుపాకీ పేల్చడం కాదు, ఛేజింగ్ కాదు, ఒక పెన్నుతో తన పేరు తను రాసుకోవడం. సిరీస్ మొత్తంలో నాకు నచ్చిన చోటు అదే. నేను పైన చేసిన ఫిర్యాదులన్నీ అలాగే ఉంచి చెప్తున్నా. ఆ పేరు రాజస్థాన్‌లో ఎంత బరువైనదో తెలియాలంటే, సిరీస్ రావడానికి తొమ్మిది నెలల ముందు, 2022 ఆగస్టులో జాలోర్ జిల్లాలో చనిపోయిన తొమ్మిదేళ్ళ మేఘ్వాల్ పిల్లాడిని గుర్తు చేసుకోండి. నీళ్ళ కుండ ముట్టుకున్నందుకు టీచరు కొట్టాడని కుటుంబం చెప్పింది. అసలు కుండే లేదని వాదించినవాళ్ళు చాలామంది బయల్దేరారు. మళ్ళీ అదే తగువు, కాగితంలో కుండ ఉండాలా వద్దా అని. ఇంకో విడ్డూరం కూడా చెప్పాలి. సిరీస్ విడుదలైన వారం లోపే, మే 18న, దేశానికి న్యాయశాఖ మంత్రి అయినాయన పేరు అర్జున్ రామ్ మేఘ్వాల్. పేరు దాచుకోని మేఘ్వాల్ ఢిల్లీలో న్యాయశాఖ చూస్తున్నాడు, పేరు దాచుకున్న మేఘ్వాల్ తెరమీద ఎస్సైగిరీ చేస్తోంది, కుండ తగువు మాత్రం తేలలేదు.

పోయిన నెల ఊరికెళ్ళినప్పుడు మా చిన్నాన్నకి ఫోన్‌లో ఆ సిరీస్ కొంత చూపించాను. ఇప్పుడాయనకి డెబ్భై దాటాయి. హిందీ రాదు, నేనే పక్కన కూర్చుని చెప్తూ వచ్చాను. బుల్లెట్ బండి నచ్చింది. హవేలీ గుమ్మం దగ్గర "ఊఁ" అన్నాడు. ఆఖర్న పేరు రాసుకునే చోట కళ్ళజోడు సర్దుకుని ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు. అయిపోయాక కాసేపు చుట్ట కోసం వెదికి, అడిగాడు:

"ఆ పిల్ల స్టేషన్లో రైటరెవర్రా?"

చెప్పలేకపోయాను. మళ్ళీ మొదటి నుంచి చూడాలి.

వచ్చే ఆదివారం చుండూరు ప్రత్యేక కోర్టు గురించి రాస్తాను. మీ ఊళ్ళో తలారులు, వెట్టివాళ్ళ సంగతులు తెలిసిన పెద్దలుంటే వాళ్ళు చెప్పింది రాసి పంపండి. రాశాక వాళ్ళకి ఒకసారి చదివి వినిపించి పంపండి.

జై భీమ్.